ప్రామాణిక ఆరోగ్యవంతుడి డబ్బా

మూత్రపిండాల పరిశోధనా కేంద్రం ప్రారంభమైంది ఫిబ్రవరి పదకొండున. ఆ రోజు రోగులకు పెట్టినవి పులిహోర, నిమ్మకాయ ఊరగాయ, రెండేసి అరటిపళ్ళు, చివర ఒక్కో కొబ్బరి బొండాం. మూత్రపిండాలు పాడైనవాళ్ళు ఉప్పు తగ్గించాలని, అరటిపండూ కొబ్బరినీళ్ళూ ముట్టనే కూడదని చెప్పే బోర్డును కూడా ఆ రోజే ఆవిష్కరించారు. కార్యక్రమ పత్రంలో బోర్డు నాలుగో అంశం, భోజనం అయిదో అంశం.

తవిటినాయుడు ఆ తేదీని మరిచిపోలేడు. అతని భార్య నీలమ్మ ఆ రోజు మూడో వరసలో కూర్చుంది. డయాలసిస్ గదిలో పనిచేసే సిస్టర్ ఎస్తేరు ఒక బకెట్టు పట్టుకొని వరసల వెంట నడుస్తూ, ఫోటోగ్రాఫరు అటు తిరిగినప్పుడల్లా అరటిపళ్ళూ బొండాలూ వెనక్కి తీసుకుంది. నీలమ్మ దగ్గరికి వచ్చి, "వాసన చూసి ఇచ్చెయ్యమ్మా" అంది. నీలమ్మ అరటిపండును ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్ళు మూసుకొని, నవ్వి ఇచ్చేసింది. ఆ ఏడు వానలు పూర్తిగా వెళ్ళకముందే ఆమె వెళ్ళిపోయింది. తవిటినాయుడికి మాత్రం ఆ బకెట్టు చప్పుడు వినబడినప్పుడల్లా ఆ నవ్వు గుర్తుకొస్తుంది.

తర్వాత అతనికి అదే కేంద్రంలో నమూనాలు సేకరించే ఉద్యోగం దొరికింది. సముద్రం ఒడ్డున జీడితోటల మధ్య ఉన్న ఆ పది ఊళ్ళలో ఇంటికొకరికి ఈ జబ్బు. ఎందుకు వస్తోందో తెలుసుకోవడానికే కేంద్రం. ముందు భాగంలో పరిశోధనా విభాగం, చల్లటి గదులు. వెనక రేకుల వసారా పక్కన చికిత్సా విభాగం, నాలుగు డయాలసిస్ యంత్రాలు, సిస్టర్ ఎస్తేరు. రోగి రక్తం వెనక విభాగానికి వెళ్తుంది, మూత్రం ముందు విభాగానికి వెళ్తుంది. రెండు ఫైళ్ళూ ఎన్నడూ ఒక బల్ల మీద కలుసుకోలేదు. కలవాలంటే ఇద్దరు అధికారులు ఒకే కాగితం మీద సంతకాలు చెయ్యాలి. ఆ ఇద్దరికీ మాటల్లేవు.

కేంద్రానికి సంచాలకులు డాక్టర్ చక్రధరరావు గారు. మొదటి సమావేశంలోనే ఆయన సెలవిచ్చారు. "ఏ కొలతకైనా ఒక ప్రమాణం అవసరం. అనారోగ్యాన్ని కొలవడానికి ముందు ఆరోగ్యాన్ని నిర్ధారించుకోవాలి. ఈ ప్రాంతంలో సంపూర్ణ ఆరోగ్యవంతుడు ఎవరు అనే ప్రశ్నను నేను నిష్పక్షపాతంగా పరిశీలించాను. నేనే."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచీ ఆయన ప్రామాణిక ఆరోగ్యవంతుడు. రోజూ పొద్దున్న తవిటినాయుడు ఆయన క్వార్టర్సుకు వెళ్ళి, ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టిన అయిదు లీటర్ల తెల్ల డబ్బాను తెస్తాడు. చీటీ అంటిస్తారు, ఫ్రిజ్జులో ఒక రోజు గౌరవంగా ఉంచుతారు, మర్నాడు కాలవలో పారబోస్తారు. దాన్ని పరీక్షించరు. ఒకసారి ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి పరీక్షించబోతే సూపరింటెండెంటు విశ్వేశ్వరం అడ్డం పడ్డాడు. మిగిలినవాళ్ళని దీనితో పోల్చి చూడాలి గాని దీన్ని దేనితో పోల్చి చూస్తామని అడిగాడు. ఆ అమ్మాయి డబ్బా మూత పెట్టేసింది.

ఆ డబ్బా ఎప్పుడూ బరువుగానే ఉండేది. మూడున్నర లీటర్లకు తగ్గదు. సంచాలకులు గారు సమావేశంలో రెండు కూజాల నీళ్ళు తాగేవారు, మధ్యలో మూడుసార్లు బయటికి వెళ్ళొచ్చేవారు. కుడి కాలి బొటనవేలికి తగిలిన దెబ్బ దసరా నుంచీ మానలేదు. ఇవన్నీ ఒక ఎత్తు. డబ్బా మూత చుట్టూ రోజూ బారు కట్టే ఎర్రచీమలు ఒక ఎత్తు. చీమలు దేనికి పడతాయో జీడితోటల్లో పుట్టినవాడికి చదువుతో పని లేకుండా తెలుసు. తవిటినాయుడు ఇంటర్మీడియట్ కూడా చదివాడు. అతను రోజూ చీమల్ని గుడ్డతో మెల్లగా దులిపి, ఏమీ అనకుండా డబ్బా సైకిలుకు కట్టుకునేవాడు.

జూన్ ఆఖర్లో సర్క్యులర్ వచ్చింది. డయాలసిస్ పొందుతున్న ప్రతి లబ్ధిదారుడూ ప్రతి నెలా ఒకటో తారీకున కనీసం అర లీటరు మూత్రాన్ని పరిశోధనా విభాగానికి సమర్పించవలెను. సమర్పించనివారు పరిశోధనకు సహకరించనివారుగా భావింపబడి జాబితా నుంచి తొలగింపబడుదురు.

వెనక విభాగంలో వారానికి రెండుసార్లు యంత్రమెక్కేవాళ్ళలో ఆరుగురికి మూత్రం రావడం ఎప్పుడో ఆగిపోయింది. వాళ్ళలో ఒకడు దాలయ్య, నీలమ్మ తమ్ముడు. సముద్రం మీద వలలు లాగిన మనిషి. ఇప్పుడు రెండు పూటలు యంత్రం తప్పితే మొహం ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకొని కూర్చుంటాడు. తవిటినాయుడు అతన్ని వెంటబెట్టుకొని సూపరింటెండెంటు గదికి వెళ్ళాడు.

"సార్, వీడికి ఏడాదిన్నర నుంచీ చుక్క రాదండి" అన్నాడు.

విశ్వేశ్వరం కళ్ళజోడు సవరించుకున్నాడు. "రాదని రుజువేమిటి?"

"రాకపోవడమేనండి."

"అది రుజువు కాదు. అది గైర్హాజరు. మూత్రపిండాలు పనిచెయ్యడం లేదని మేము నిర్ధారించాలంటే మూత్రం పరీక్షించాలి. నమూనా లేకుండా జబ్బు ఉన్నట్టు ఏ ఆధారంతో రాసుకోమంటావు?"

దాలయ్య బల్ల అంచు పట్టుకొని నిలబడ్డాడు. "బాబూ, పనిసేత్తే వత్తాది. పనిసెయ్యదు కాబట్టే గదా మీకాడికి వచ్చినాను."

"ఆ మాట నమూనా చెప్పాలి, నువ్వు కాదు. పోనీ, నీకు రావడం లేదని మూత్రరాహిత్య ధ్రువపత్రం తెచ్చుకో."

"అదెవులిత్తారు బాబూ?"

"మేమే. మూత్రపరీక్ష జరిపి ఇస్తాం."

గది బయట వేపచెట్టు కింద సిమెంటు బెంచీ ఉంది. మిగిలిన అయిదుగురూ అక్కడే కూర్చున్నారు. సూరమ్మ అందరిలోకీ పెద్దది, బక్కపలచటి మనిషి. ఒళ్ళో ఖాళీ డబ్బా పెట్టుకొని, చంటిపిల్ల తలను నిమిరినట్టు దాని మూత నిమురుతోంది.

"ఏటన్నాడు దాలీ?" అని అడిగింది.

"ఏటంటాడు పిన్నీ. ఎండిపోయిన నుయ్యిని పట్టుకొని, బిందె నింపితే గాని ఎండిపోనావని రాయనంతన్నాడు."

"మరి మనకి మంచాలుండవా?"

దాలయ్య బావకేసి చూశాడు. "బావా, నీది కొంచెం ఇద్దువేటి. సుట్టరికంలో ఏదీ అడగలేదు నిన్ను."

"నాది అర లీటరుంటే నీకు సరిపోద్ది. మిగతావోళ్ళకి?"

"నువ్వు సెంబుల్తో నీల్లు తాగాల బావా. సంచాలకుల బాబు తాగినట్టు."

నవ్వుతూ అన్న మాటే. తవిటినాయుడు మాత్రం నవ్వలేదు. అతని కళ్ళముందు మూడున్నర లీటర్ల తెల్ల డబ్బా మెదిలింది. ఆరుగురికి అర లీటరు చొప్పున మూడు లీటర్లు. రేపు ఎటూ కాలవలో పోసేదే.

జూలై ఒకటిన ఆరుగురి డబ్బాలూ నిండుగా పరిశోధనా విభాగానికి చేరాయి. ఆగస్టు ఒకటిన చేరాయి. సెప్టెంబరు ఒకటినా చేరాయి. ఆరుగురూ మంగళవారం, శుక్రవారం యంత్రమెక్కి, గాలి పీల్చుకొని, ఇళ్ళకు నడిచి వెళ్ళారు. నిద్రపట్టని సూరమ్మ ఇప్పుడు మధ్యాహ్నం కూడా ఒక కునుకు తీస్తోందని ఆమె కోడలు చెప్పినప్పుడు, తవిటినాయుడికి ఆ పూట అన్నం బాగా సయించింది.

సెప్టెంబరు పదిన గణాంకాధికారి పరుగున సంచాలకుల గదికి వెళ్ళాడు. తవిటినాయుడు అప్పుడు కూజాలో నీళ్ళు నింపుతున్నాడు.

"సార్, ఆరుగురు రోగులు. మూడు నెలలు. మూత్రంలో మాంసకృత్తులు లేవు. రక్తంలోంచి మలినాలను తోడేసే శక్తి పహిల్వానుకున్నట్టుంది. ఆరుగురి ఫలితాలూ దశాంశం తేడా లేకుండా ఒక్కటే సార్."

"ఒక్కటేనా?" అన్నారు సంచాలకులు గారు.

"ఒక్కటే సార్. పొరపాటేమోనని భయపడ్డాను."

"భయమెందుకు? మన పరికరాల కచ్చితత్వానికి అంతకన్నా నిదర్శనం ఏముంటుంది?" ఆయన కాగితాలు తిరగేసి ఒకచోట ఆగారు. "ఈ చక్కెర ఏమిటి?"

"ఆరుగురికీ ఉంది సార్. బాగా ఉంది."

సంచాలకులు గారు గ్లాసు నీళ్ళు తాగారు. ఇంకో గ్లాసు తాగారు. కిటికీలోంచి జీడితోటల వైపు చూశారు. ఇటు తిరిగేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఇది వ్యాధి పరివర్తన. ఇన్నాళ్ళూ ప్రపంచం పొరబడింది. ఈ మూత్రపిండాల జబ్బు ముదిరితే మరణం కాదయ్యా, ముదిరితే మధుమేహం. పిండాలు కోలుకుంటాయి, చక్కెర మొదలవుతుంది. మందు లేని జబ్బును మన కేంద్రం మాత్రలున్న జబ్బుగా మార్చింది."

తవిటినాయుడి చేతిలోంచి కూజా మూత జారి పడింది. ఆయన చిరాకుగా చూశారు.

సోమవారం నాడు షామియానా వేశారు. రాజధాని నుంచి పెద్దవాళ్ళు వచ్చారు. ఆరుగురినీ వేదిక మీద కూర్చోబెట్టి, మెడలో బంతిపూల దండలు వేసి, 'మూత్రపిండ విముక్తులు' అని అచ్చువేసిన పత్రాలూ, చక్కెర మాత్రల పొట్లాలూ ఇచ్చారు. సంచాలకులు గారు నలభై నిమిషాలు మాట్లాడి, మధ్యలో రెండుసార్లు లోపలికి వెళ్ళొచ్చారు. చివర్లో, విముక్తులు యంత్రాలను ఆక్రమించుకొని ఉండటం శాస్త్రానికే అవమానమనీ, రేపటి నుంచి ఈ ఆరుగురికి డయాలసిస్ నిలిపివేస్తున్నామనీ ప్రకటించారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. దాలయ్య కూడా కొట్టాడు. పక్కనున్నవాడు మోచేత్తో పొడిచాక గాని అతనికి అర్థం కాలేదు.

దిగి వచ్చి బావ దగ్గర నిలబడ్డాడు. దండ ఇంకా మెడలోనే ఉంది.

"బావా, నాను బాగైపోనానా?"

తవిటినాయుడు ఆ దండ కేసి చూశాడు. ఆ నీళ్ళు పోసింది తనే. మంచం నిలబెడదామని పోసినవే మంచం తీసేశాయి.

మంగళవారం సిస్టర్ ఎస్తేరు ఆరుగురి రక్తపరీక్షల కాగితాలు పట్టుకొని ముందు విభాగానికి వచ్చింది. వీళ్ళు బతకరని చెప్పింది. రక్తం తమ పరిధిలోకి రాదని విశ్వేశ్వరం చెప్పాడు. శుక్రవారానికి దాలయ్య కాళ్ళు నీరు పట్టి, చెప్పుల్లో పట్టలేదు. గోడకు ఆనుకొని కూర్చొని, ఒక్కో మాటకూ ఆగుతూ మాట్లాడుతున్నాడు. శనివారం తవిటినాయుడు చొక్కా గుండీలన్నీ పెట్టుకొని సంచాలకుల గది తలుపు తట్టాడు.

"సార్, ఆ ఆరుగురి డబ్బాల్లో ఉన్నది వాళ్ళది కాదండి. తమరిది. నేనే పోశాను. మూడు నెలలూ పోశాను."

సంచాలకులు గారు ఆలోచించారు. కోపం తెచ్చుకోలేదు. "ఆ నమూనాల్లో చక్కెర ఉంది కదా?"

"ఉందండి."

"నాలో చక్కెర లేదు."

"తమరికి పరీక్ష చెయ్యలేదండి."

"ప్రమాణానికి పరీక్ష ఉండదు. నాలో చక్కెర లేదు. నమూనాల్లో ఉంది. కనక అవి నావి కావు. ఇందులో గందరగోళం ఎక్కడుంది?"

"తమరి డబ్బాకి చీమలు పడుతున్నాయండి."

"చీమలు శిక్షణ పొందిన సిబ్బంది కావు, తవిటినాయుడూ."

తవిటినాయుడు బల్ల మీద రెండు చేతులూ పెట్టాడు. అంతకుముందు ఎప్పుడూ అలా పెట్టలేదు. "సార్, తప్పు చేశాను. మెమో ఇవ్వండి. ఉద్యోగం తీసేయండి. పోలీసుల్ని పిలవండి. వాళ్ళని మాత్రం ఇయ్యాలే యంత్రమెక్కించండి. ఎల్లుండికి ఉండరండి."

"మెమో ఇవ్వాలంటే నువ్వు నేరం చేశావని నేను ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పరిశోధన పోతుంది. పత్రం ఇప్పటికే అచ్చుకు వెళ్ళింది." ఆయన జాలిగా చూశారు. "కాబట్టి నువ్వు నిర్దోషివి. వెళ్ళు. కాస్త నీళ్ళు పంపించు."

తవిటినాయుడు తలుపు దాకా వెళ్ళి ఆగాడు. ఆయన మేజా కింద కాలు చాపుకొని ఉన్నారు. బొటనవేలి కట్టు నల్లబడి ఉంది.

"సార్, ఆ వేలు ఎవరికైనా చూపించుకోండి. బతిమాలుకుంటున్నాను" అన్నాడు.

ఆయన వినలేదు. రాసుకుంటున్నారు.

ఆదివారం పొద్దున్నే సూరమ్మ పోయింది. మంచం మీద దిండు నిలువుగా పెట్టుకొని కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట. సోమవారం ఆమె ఫైలులో విశ్వేశ్వరం మరణకారణం మధుమేహమని రాశాడు. గణాంకాధికారి దాన్ని వ్యాధి పరివర్తనకు తిరుగులేని సాక్ష్యంగా పత్రానికి అనుబంధం చేశాడు.

ఆ సోమవారమే సిస్టర్ ఎస్తేరు కళ్ళు తుడుచుకొని, వెనక గది బీరువా పైనున్న అట్టపెట్టె దించింది. యంత్రాలు కొన్నప్పుడు వాటితో వచ్చిన పుస్తకం అందులో ఉంది. నలభై ఆరో పేజీలో వేలు పెట్టి తవిటినాయుడికి చూపించింది. ఇద్దరూ కలిసి సంచాలకుల గదికి వెళ్ళారు.

"సార్, యంత్రాలు వారం నుంచి సగం ఖాళీగా ఉన్నాయండి" అంది ఎస్తేరు.

"సంతోషం. అది మన విజయం."

"ఇందులో ఇలా రాశారండి. 'యంత్రములను వారమునకు రెండు పర్యాయములు, నాలుగేసి గంటలు, పూర్తి లోడుతో నడపవలెను. నడపనిచో హామీ రద్దగును.' వచ్చే నెల తనిఖీ ఉందండి."

సంచాలకులు గారు నిటారుగా కూర్చున్నారు. సూరమ్మ పోయినప్పుడు ఆయన మొహంలో కనిపించని ఆందోళన ఇప్పుడు కనిపించింది. "హామీ రద్దయితే బాధ్యులెవరు?"

"తమరేనండి."

"నడపండి. వెంటనే నడపండి. లోడు అంటే ఏమిటి?"

"గొట్టాల రెండో చివర ఏదో ఒకటి ఉండాలండి. నెత్తురున్నదైతేనే యంత్రం సరిగ్గా పనిచేస్తుంది."

"అలాంటిది దొరుకుతుందా?"

"అయిదు ఉన్నాయండి" అన్నాడు తవిటినాయుడు. గోడమీద కేలండరు వైపు చూస్తూ అన్నాడు. "ఆరుండేవి."

సంచాలకులు గారు కలం తీశారు. ఉత్తర్వు ఆయనే స్వయంగా రాశారు. లోడును రోగిగా పరిగణింపరాదు. లోడుకు పడక, ఆహారం, ధ్రువపత్రం వర్తించవు. సందర్శకులు చూడకుండా మధ్యాహ్నం రెండు తర్వాతనే లోడును వినియోగించవలెను. లోడు తనంతట తాను నడిచి వచ్చి, తనంతట తాను నడిచి పోవలెను.

దాలయ్య నడిచి రాలేదు. బావ సైకిలు వెనక కూర్చొని, కేంద్రం గేటు దగ్గర దిగి, ఉత్తర్వు ప్రకారం అక్కడినుంచి బావ భుజం పట్టుకొని నడిచాడు. ఎస్తేరు సూది గుచ్చింది. యంత్రం తిరగడం మొదలైంది. రెండో గంటకు అతని పెదవులకు రంగు వచ్చింది, మూడో గంటకు మాట వచ్చింది.

"బావా. మొన్న రోగిని. మొన్న సోమారం సక్కెరోన్ని. ఇయ్యాల ఏటో అన్నావు?"

"లోడు."

"లోడా. మా నాన్నకి లారీలో లోడెత్తడమొచ్చు. కొడుకే లోడయిపోతాడనుకోలేదు ముసిలోడు." పక్క యంత్రాల వైపు చూశాడు. "సూరమ్మ పిన్ని ఒక్క రోజు ఆగితే బాగున్ను."

తవిటినాయుడు రిజిస్టరు తెరిచి, లోడు ఒకటి, బరువు యాభై ఏడు కిలోలు అని రాసి, దాని కింద రెండో లోడు కోసం గీత గీశాడు. తర్వాత బయటికి వెళ్ళి, సాయంత్రం పూట పారబోయాల్సిన ప్రామాణిక ఆరోగ్యవంతుడి డబ్బాను తెచ్చి ఎస్తేరు ముందు పెట్టాడు. ఆమె చక్కెర ఉందో లేదో చూపే కాగితం పట్టీ ఒకటి అందులో ముంచి, వెలుగులో పట్టుకుంది. పట్టీ ముదురు గోధుమ రంగుకు తిరిగింది. ఒక చీటీ మీద 'చక్కెర బాగా ఉంది, వైద్యం చేయించుకోండి' అని రాసి మడిచి ఇచ్చింది. తవిటినాయుడు దాన్ని సంచాలకుల టపా పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టి వచ్చాడు. బుధవారం ఆ చీటీ విశ్వేశ్వరం సంతకంతో తిరిగొచ్చింది. 'ప్రమాణమునకు వర్తించదు' అని ఎర్ర సిరాతో రాసి ఉంది. తవిటినాయుడు ఇంకో చీటీ రాయించుకొని మళ్ళీ పెట్టాడు. తర్వాత ప్రతి వారమూ పెడుతూనే ఉన్నాడు.

అది తర్వాతి సంగతి. ఆ మొదటి సాయంత్రం ఆరున్నరకు నాలుగు లోడులూ యంత్రాలు దిగాయి. అయిదోది మర్నాటికి ఉంది. దాహమేస్తోందని దాలయ్య అడిగితే, ఎక్కువ నీళ్ళు తాగకూడదని ఎస్తేరు ఫ్రిజ్జులోంచి ఒక చిన్న మంచుముక్క తీసి అతని అరచేతిలో పెట్టింది. అతను దాన్ని బుగ్గన పెట్టుకొని, కళ్ళు మూసుకొని, నవ్వాడు. ఆ నవ్వు అచ్చం వాళ్ళ అక్కదే. తవిటినాయుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

దాలయ్య తనంతట తాను నడిచి గేటు దాటాడు. ఎస్తేరు గొట్టాలు కడిగి, బకెట్టు బోర్లించి, నాలుగు యంత్రాల మీదా గుడ్డలు కప్పి, దీపం ఆర్పింది. ఆ మధ్యాహ్నమే తలుపుకు తగిలించిన కొత్త బోర్డు మీద 'యంత్రముల సంరక్షణ గది, రోగులకు ప్రవేశము లేదు' అని ఉంది. ఆమె దాన్ని చేత్తో సరిగ్గా నిలబెట్టి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.